హార్మనీ వాయించే వేళ్లకు టైపింగ్ వస్తుందా?

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి ఊళ్లలో పియానో కనబడదు. మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఎవరింట్లోనైనా పియానో ఉందా అని వాకబు చేస్తే మనల్ని ఎగాదిగా చూస్తారు. పియానో మెట్ల వరస మాత్రం ఇక్కడ అందరికీ తెలుసు. గుళ్లో భజనకు హార్మనీ పెట్టె, పద్యనాటకానికి కాళ్లతో తొక్కే హార్మనీ, ఆదివారం చర్చిలో కరెంటు కీబోర్డు. తెల్ల మెట్లు, వాటి మధ్య రెండూ మూడూ చొప్పున గుంపులుగా నల్ల మెట్లు. పెట్టె ఏదైనా అమరిక ఒకటే.

టైపు సంగతీ అంతే. ఒకప్పుడు ఇంటర్ పరీక్షలైన వేసవిలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరడం ఆనవాయితీ. లోయరో హయ్యరో పాసై సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుంటే ఏదో ఒక ఆఫీసులో కుర్చీ దొరక్కపోతుందా అని పెద్దవాళ్ల ఆశ. ఇప్పుడు ఆ కుర్చీలు మీసేవలోకి, డీటీపీ షాపుల్లోకి మారాయి. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాక డిజిటల్ అసిస్టెంటు ఉద్యోగాలూ వచ్చాయి. ముందున్నది రెమింగ్టన్ మిషనైనా కంప్యూటరైనా వేళ్లతో పనే.

ఈ రెండూ తెలిసిన ఊళ్లలో ఒక మాట వినబడుతూ ఉంటుంది. “వాడికేం, హార్మనీ వాయిస్తాడు. వేళ్లు ఊరికే ఆడతాయి. టైపు నెలలో పట్టేస్తాడు.” వినడానికి సబబుగానే ఉంది. రెండు చోట్లా వరసగా పేర్చిన మెట్లే, పది వేళ్లే, చూడకుండా నొక్కడమే. అయినా ఈ మాటలో సగమే నిజం. ఆ సగం కూడా మనం అనుకున్న చోట లేదు.

వేగం లెక్క

టైపులో ‘పదం’ అంటే అయిదు నొక్కులు. ఖాళీ కూడా ఒక నొక్కే. రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి పెట్టే ఇంగ్లీషు టైపు పరీక్షలో లోయర్‌కు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45. హయ్యర్‌నే తీసుకుందాం. నిమిషానికి 225 నొక్కులు. సెకనుకు నాలుగు కూడా పడవు.

ఇప్పుడు సరళీ వరసలు చూడండి. మొదటి కాలంలో దెబ్బకొక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. సెకనుకొక దెబ్బ చొప్పున తాళం వేసుకుంటే మూడో కాలంలో సెకనుకు నాలుగు స్వరాలు. హార్మనీ మీద సరళీ వరసలు మూడు కాలాల్లో వాయించగలిగిన పిల్లవాడి వేళ్లలో హయ్యర్ పరీక్షకు చాలినంత వేగం అప్పుడే ఉంది, ఓ పిసరు మిగులు కూడా.

అదే పిల్లవాణ్ణి తీసుకెళ్లి కీబోర్డు ముందు కూర్చోబెట్టి ఒక అర్జీ టైపు చెయ్యమనండి. ‘క్యూ’ ఎక్కడుందా అని వెతుకుతాడు. ‘బీ’ని చూపుడువేలితో నొక్కి, తర్వాతి అక్షరం కోసం మళ్లీ కీబోర్డంతా పరికిస్తాడు. వేళ్లు సిద్ధంగానే ఉన్నాయి, ఎక్కడికి పోవాలో వాటికి చెప్పేవాళ్లు లేరు. టైపు నేర్చుకునేవాళ్లలో చాలామందిని ఆపేది వేళ్ల మందకొడితనం కాదని ఈ చిన్న లెక్కతోనే తేలిపోతుంది. కాబట్టి వేళ్లను పదును పెట్టే విద్య ఏదైనా సరే, టైపుకు ఇచ్చే సాయానికి ముందే ఒక హద్దు ఉంది.

ఉంగరపు వేలి మొండితనం

ఆ హద్దు లోపల దొరికే సాయం మాత్రం నిజమైనదే.

వేళ్లను ముడిచే, చాచే పెద్ద కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి పొడుగాటి స్నాయువులు మణికట్టు దాటి వేళ్లదాకా వస్తాయి. చూపుడువేలికి చాలావరకు సొంత ఏర్పాటు ఉంది. మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు మాత్రం ఉమ్మడి కాపురం. చేతి వెనకవైపు వాటి స్నాయువులను అడ్డుపట్టీలు ఒకదానితో ఒకటి కలుపుతాయి. ఒకటి కదిలితే పక్కది లాగుతుంది.

చేసి చూడండి
అరచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టండి. మధ్యవేలిని లోపలికి మడిచి, దాని కణుపు బల్లకు ఆనించండి. మిగతా వేళ్ల కొనలు బల్ల మీదే ఉండాలి. ఇప్పుడు బొటనవేలు ఎత్తండి, లేస్తుంది. చూపుడువేలు, లేస్తుంది. చిటికెన వేలు, కష్టం మీద లేస్తుంది. ఉంగరపు వేలు ఎత్తండి. బల్లకు అతుక్కుపోయినట్టు కదలదు. మడిచిన మధ్యవేలి స్నాయువు పట్టీ ద్వారా దాన్ని కిందికి పట్టి ఉంచుతోంది.

సాధనతో ఈ పట్టీలు తెగవు, సాగవు. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ కుడిచేతి వేలు చెడిపోయి పియానో వాద్యకారుడిగా బతకాలన్న కోరిక వదులుకున్నాడు. వేళ్లను బలవంతంగా విడదీసే సాధనం వాడటం వల్లే అలా జరిగిందని చాలాకాలం చెప్పుకున్నారు. సాధన మార్చేది మెదడు పంపే ఆజ్ఞల్ని. ఒక వేలిని దించేటప్పుడు పక్క వేళ్లను ఎంత బిగపట్టాలో, ఎంత వదలాలో మెదడు నేర్చుకుంటుంది. ఇది హార్మనీకీ కావాలి, టైపుకూ కావాలి. ఇంగ్లీషు కీబోర్డులో ‘ఏ’ ఎడమ చిటికెన వేలిది, ‘ఎస్’ ఉంగరపు వేలిది. రెండూ తరచుగా వచ్చే అక్షరాలే. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి వారమంతా ‘ఏ ఎస్ డీ ఎఫ్’ కొట్టించేది ఈ మొండి వేళ్ల కోసమే. మెట్ల మీద చెయ్యి తిరిగినవాడు ఆ వారాన్ని తేలిగ్గా దాటతాడని నా అంచనా. అక్కడితో ఆ లాభం అయిపోతుంది.

నాలుగు పెట్టెలు, రెండు జతలు

పియానోను టైపుతో పోల్చేవాళ్లు సాధారణంగా మరిచిపోయేది మెట్టు కింద ఏముందన్న సంగతి. నాలుగు పెట్టెల మూతలు తీసి చూద్దాం.

పియానో మెట్టు దాదాపు 10 మిల్లీమీటర్లు దిగుతుంది. దిగుతూ లోపల ఒక సుత్తిని తీగ మీదికి విసురుతుంది. మెట్టును ఎంత వేగంగా దించితే సుత్తి అంత వేగంగా తగులుతుంది, స్వరం అంత గట్టిగా పలుకుతుంది. పాత చేతి టైపు మిషన్‌లోనూ జరిగేది విసరడమే. కీ నొక్కితే అక్షరం చెక్కిన కడ్డీ ఎగిరి సిరా రిబ్బను మీద కొడుతుంది. గట్టిగా కొడితే అక్షరం నల్లగా పడుతుంది, మెల్లగా కొడితే వెలిసిపోతుంది. పాత దస్తావేజుల్లో ‘ఏ’ అక్షరం పక్క అక్షరాలకంటే పలచగా కనబడితే, కొట్టినవాడి చిటికెన వేలికి బలం చాలలేదన్న మాట.

హార్మనీ వేరే జాతి. మెట్టు నొక్కితే ఒక మూత తెరుచుకుంటుంది, తిత్తిలోని గాలి ఇత్తడి రీడు మీదుగా పోయి అది కంపిస్తుంది. మెట్టును ఎంత గట్టిగా నొక్కినా తేడా లేదు. స్వరం హెచ్చుతగ్గులు గాలి ఒత్తిడి చూసుకుంటుంది, వేళ్లు కావు. కంప్యూటర్ కీ కూడా ఇంతే. విద్యుత్ దారి మూసుకుందా లేదా అన్నదొక్కటే దానికి కావాలి. ల్యాప్‌టాప్ కీ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు దిగితే చాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు దాన్ని గూటం వేసినట్టు కొట్టడం చూస్తే, పాపం, ఆ శ్రమంతా వృథా అనిపిస్తుంది.

అంటే స్పర్శ విషయంలో పియానోకు జోడీ టైపు మిషన్, హార్మనీకి జోడీ కంప్యూటర్ కీబోర్డు. నాటకాల హార్మనిస్టుకు టైపు మిషన్ కంటే కంప్యూటరే చేతికి ఒదగాలి.

ఈ జోడీ స్పర్శతో ఆగదు. హార్మనీలో మెట్టు వదలగానే స్వరం టక్కున తెగిపోతుంది. అందుకే స్వరాలు ఒకదానిలోకి ఒకటి జారుతున్నట్టు వినబడాలంటే, ఒక మెట్టు ఇంకా కింద ఉండగానే తర్వాతి మెట్టు నొక్కాలి. పద్యం చివర రాగాలాపన అందుకునే హార్మనిస్టు వేళ్లను దగ్గరగా చూడండి. ఏ రెండు స్వరాల మధ్యా వేళ్లన్నీ ఒకేసారి పైకి లేవవు. ఒక వేలు దిగాకే ఇంకొకటి లేస్తుంది.

చేతి టైపు మిషన్ మీద ఇలా చేస్తే రెండు కడ్డీలు ఒకే చోటికి ఒకేసారి ఎగిరి అక్కడే చిక్కుకుంటాయి. వాటిని వేళ్లతో విడదీయాలి, చేతికి సిరా అంటుతుంది, పరీక్షలో అయితే నాలుగైదు సెకన్లు పోతాయి. అందుకే టైపు మాస్టార్లు తాళం తప్పనిచ్చేవాళ్లు కాదు. ఒక్కో నొక్కూ తెగిపడాలి, గడియారంలా సమంగా పడాలి. ఆ మిషన్‌కు అది సరైన పాఠమే.

కంప్యూటర్‌కు కడ్డీలు లేవు. 2018లో ఫిన్లండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం, కేంబ్రిడ్జి పరిశోధకులు 1,68,000 మంది ఇంటర్నెట్‌లో టైపు చేసిన 13 కోట్ల 60 లక్షల నొక్కులను పరిశీలించారు. సగటు వేగం నిమిషానికి 52 పదాలు. బాగా వేగంగా కొట్టేవాళ్లలో ఒక అలవాటు స్పష్టంగా బయటపడింది. ముందు కీ మీద వేలు ఇంకా లేవకముందే తర్వాతి కీ నొక్కేస్తున్నారు. వాళ్ల నొక్కుల్లో 40 నుంచి 70 శాతం దాకా ఇలాంటివే. పాత మాస్టారు బెత్తం పట్టుకుని మాన్పించిన అలవాటే కొత్త మిషన్ మీద వేగానికి గుర్తయింది. ఆ అలవాటు హార్మనిస్టుకు ముందే ఉంది. హార్మనీ నుంచి టైపుకు అందే సాయాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే. దీని గురించి ఎవరూ మాట్లాడరు, అందరూ వేగం గురించే మాట్లాడతారు.

ఎడమ చెయ్యి ఏం చేస్తోంది?

భజనలో హార్మనీ వాయించే మనిషిని ఎదురుగా కూర్చుని గమనించండి. కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి వెనకాల తిత్తి మీద. ఎడమచేతి వేళ్లు అయిదూ కలిసి ఒక రేకును ముందుకు తోస్తున్నాయి, అంతే. కుడిచేతిలోనూ చాలామందికి చిటికెన వేలు ఊరికే గాల్లో ఉంటుంది.

సాధన చేసిన వేళ్లకే ఫలం దక్కుతుందనడానికి 1995లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం మంచి సాక్ష్యం. జర్మనీలో థామస్ ఎల్బర్ట్ బృందం వయొలిన్, చెల్లో, గిటారు వాయించే 9 మంది మెదళ్లను పరీక్షించింది. తీగలు నొక్కే ఎడమచేతి వేళ్ల స్పర్శకు మెదడులో కేటాయించిన చోటు మామూలు మనుషుల్లో కంటే విశాలంగా ఉంది. అదే మనుషుల కుడిచేతి వేళ్లకు అలాంటి తేడా ఏమీ కనబడలేదు. ఒకే ఒంట్లో రెండు చేతులున్నా ఒక చెయ్యి నేర్చినది రెండో చేతికి ఉచితంగా రాలేదు.

ఇంగ్లీషు కీబోర్డులో ఈ సంగతి బాగా తగులుతుంది. ఈ, టీ, ఏ, ఎస్, ఆర్, డీ అన్నీ ఎడమచేతి అక్షరాలే. ఇంగ్లీషు టైపులో సగానికి పైగా పని ఎడమచేతిదే. భజన హార్మనీ కళాకారుడు టైపుకు తెచ్చే చెయ్యి కుడిది, అక్కడ బరువు మోయాల్సింది ఎడమది. కాళ్లతో తొక్కే నాటకాల హార్మనీ వాయించేవాడికి రెండు చేతులూ ఖాళీ, కాబట్టి వాడి పరిస్థితి మెరుగు. చర్చి కీబోర్డు కుర్రవాడు ఎడమచేత్తో కార్డులు (ఒకేసారి నొక్కే స్వరాల గుంపులు) పట్టి కుడిచేత్తో పాట నడిపిస్తే ఇంకా మేలు. మనవాళ్లు ‘హార్మనీ వచ్చు’ అని ఒక్క మాటలో చెప్పేదాంట్లో ఇన్ని రకాల చేతులున్నాయి.

తెలిసీ చెప్పలేని విద్య

టైపు అంతా అక్షరానికి చోటు కనుక్కోవడమైతే, చోట్లన్నీ బట్టీపడితే టైపు వచ్చేయాలి. రాదు. ఇక్కడే విషయం ఆసక్తిగా మారుతుంది.

అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చక్కగా టైపు చేసే వందమందికి ఖాళీ కీబోర్డు బొమ్మ ఇచ్చి, అక్షరాలు వాటి చోట్లలో రాయమన్నారు. 26 అక్షరాల్లో సగటున 15 మాత్రమే సరిగ్గా రాయగలిగారు. రోజూ వేలసార్లు తప్పు లేకుండా చేరుకునే చోట్లను నోటితో చెప్పమంటే చెప్పలేకపోయారు. నమ్మకం లేకపోతే మీ ఫోను తెరిచే గీత ఆకారాన్ని వేలు కదపకుండా పక్కవాళ్లకు మాటల్లో చెప్పి చూడండి.

అదే విశ్వవిద్యాలయంలో గోర్డన్ లోగన్, మాథ్యూ క్రంప్ ఇంకో ప్రయోగం చేశారు. టైపు వచ్చినవాళ్లకు పదాలు చూపించి, ఒక చేతికి చెందిన అక్షరాలు మాత్రమే కొట్టమన్నారు. పని సగమైంది కాబట్టి తేలికవ్వాలి. కానీ వేగం ఘోరంగా పడిపోయింది, తప్పులు పెరిగాయి. ఏ అక్షరం ఏ చేతిదో తెలుసుకోవాలంటే ప్రతి పదాన్నీ ఆపి ఆపి చూసుకోవాల్సి వచ్చింది. 2010లో వాళ్లే ఇంకా తమాషా చేశారు. మనిషి సరిగ్గా కొట్టినా తెర మీద తప్పు చూపించారు, తప్పు కొడితే చప్పుడు చెయ్యకుండా దిద్దేశారు. తెర మీద కనబడినదాన్నే మనుషులు తమ పనిగా ఒప్పుకున్నారు. వేళ్లు మాత్రం మోసపోలేదు. నిజంగా తప్పు కొట్టిన తర్వాత అవి తడబడి నెమ్మదించాయి, తెర తప్పు చూపించినప్పుడు వాటికి చీమ కుట్టినట్టయినా లేదు.

దీన్నిబట్టి టైపులో ఇద్దరు పనివాళ్లున్నారని వాళ్ల వివరణ. పైవాడు పదాలతో వ్యవహరిస్తాడు, ‘అర్జీదారు’ అనే పదం కావాలని చెప్పి తర్వాతి పదంలోకి వెళ్లిపోతాడు. కిందివాడు ఆ పదాన్ని నొక్కుల వరసగా మార్చి వేళ్లకు పంపుతాడు. ఆ వరస ముక్కలు ముక్కలుగా కాక ఒకే దారంలా బయటికి వస్తుంది. అలా రాకపోతే కుదరదని మెదడు శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ 1951లోనే చెప్పాడు. వేగంగా వాయించే వాద్యకారుడి వేళ్లు కొన్ని చోట్ల సెకనుకు 16 సార్లు పడతాయి. ఒక నొక్కు పడిందన్న కబురు మెదడుకు చేరి, తర్వాతి ఆజ్ఞ తిరిగి వేలికి వచ్చేంత సమయం ఆ మధ్యలో లేదు. కాబట్టి వరసంతా ముందే కట్టి ఉండాలి.

హార్మనిస్టు కింది పనివాడు ఇలాంటి దారాలను వేలకొద్దీ నేశాడు. మోహన ఆరోహణ ఒక దారం, పద్యం ముగింపు ఒక దారం. కానీ అవన్నీ స్వరాల దారాలు. ఇంగ్లీషులో మాటిమాటికీ వచ్చే ‘ద’, ‘అండ్’ లాంటి పదాల అక్షర వరసలు గానీ, తెలుగులో వచ్చే ‘ంచు’, ‘లోని’, ‘గారు’ గానీ అందులో లేవు. చిన్నప్పుడు మార్కాపురం పలక మీద దిద్దుకున్న అక్షరాల సాయమైనా ఉంటుందా అంటే అదీ లేదు. పలక మీద ‘క’ ఒక ఆకారం, కీబోర్డు మీద ‘క’ ఒక చోటు. కింది పనివాడు మళ్లీ మొదటి నుంచి నేయాల్సిందే.

కుట్టుమిషన్ సాక్ష్యం

ఒక విద్య మరో విద్యకు ఎంత సాయపడుతుందన్న ప్రశ్నను 1901లో అమెరికన్ మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ థార్న్‌డైక్, రాబర్ట్ వుడ్‌వర్త్ పరీక్షకు పెట్టారు. రెండు పనుల్లో అచ్చంగా ఒకేలా ఉండే అంశాలు ఎన్ని ఉంటే అంతే సాయం, పైపై పోలిక వల్ల ఏమీ రాదు అని తేల్చారు.

కుట్టుమిషన్ తొక్కే దర్జీని కాలి హార్మనీ ముందు కూర్చోబెట్టారనుకోండి. కాళ్లు ఆడించడం కొత్త కాదు, అలుపు రాదు. అయితే కుట్టుమిషన్‌కు ఒకే తొక్కుడుపలక, రెండు పాదాలూ దాని మీదే ముందుకూ వెనక్కూ ఊగుతాయి. హార్మనీకి రెండు పెడళ్లు, ఒకటి దిగేటప్పుడు రెండోది లేవాలి. దర్జీ పాదాలు మొదట రెండు పెడళ్లనూ కలిపి తొక్కుతాయి, గాలి ఎగదన్నుతుంది, స్వరం ఊగుతుంది. పాత అలవాటు సాయపడింది, అడ్డమూ పడింది. ఇక స్వరాలంటారా, వాటికి కుట్టుమిషన్‌తో సంబంధమే లేదు.

పియానోకూ టైపుకూ మధ్య అచ్చంగా ఒకేలా ఉన్నవి ఏవి? వేళ్లను విడివిడిగా కదపడం, చేతివైపు చూడకుండా ఉండటం, తప్పు పడితే నెమ్మదించి అదే ముక్కను మళ్లీ మళ్లీ చెయ్యడం, ఒక నొక్కు ముగియకముందే ఇంకొకటి మొదలుపెట్టడం. మెట్ల వెడల్పు ఒకటి కాదు. పియానో తెల్ల మెట్టు సుమారు 23.5 మిల్లీమీటర్లు, కంప్యూటర్ కీలు 19 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. పియానో చెయ్యి పక్కలకు పరుగెత్తుతుంది, టైపు చెయ్యి ఒకచోట నిలబడి పైకీ కిందికీ పోతుంది. పియానోలో ఒకేసారి నాలుగైదు మెట్లు నొక్కడం మామూలే, టైపులో షిఫ్ట్ తప్ప ఒక్కొక్కటే.

ఇంకొక పోలిక ఉంది, అయితే అందరికీ అందదు. పాఠం చూసి టైపు చేసేవాళ్ల కళ్లు వేళ్లకంటే కొన్ని అక్షరాలు ముందు నడుస్తాయి. 1984లో టిమతీ సాల్ట్‌హౌస్ 19 నుంచి 72 ఏళ్ల వయసు టైపిస్టులను పరీక్షించాడు. వయసు మళ్లినవాళ్లలో వేళ్ల చురుకు తగ్గినా టైపు వేగం తగ్గలేదు, ఎందుకంటే వాళ్ల కళ్లు కుర్రవాళ్ల కంటే ఇంకా ముందు నడుస్తున్నాయి. స్వరలిపి చూసి పియానో వాయించేవాళ్లకూ ఇదే నైపుణ్యం కావాలి. మన నాటకాల హార్మనిస్టుకు కాగితం ఉండదు. నటుడి గొంతు వెంబడి చెవితో పోతాడు, పద్యం ఎటు తిరిగితే అటు తిరుగుతాడు. అది తక్కువ విద్యేం కాదు, నన్నడిగితే స్వరలిపి చదవడం కంటే కష్టం. కానీ ఫైలు చూసి టైపు చేసే పనికి దానిలోంచి వచ్చేదేమీ లేదు.

అక్షరాలను మెట్ల మీదికి తెస్తే

చరిత్ర ఈ ప్రశ్నను తిరగేసి అడిగింది. టైపు మిషన్ తయారుచేసిన తొలితరం వాళ్లు మనలాగే అనుకున్నారు. మెట్లు నొక్కడం జనానికి వచ్చు కదా, అక్షరాలను వాటిమీదే పెడితే సరిపోతుంది! 1850ల్లో సంగీతాచార్యుడైన డేవిడ్ హ్యూస్ అక్షరాలు అచ్చువేసే టెలిగ్రాఫు యంత్రానికి 28 తెల్ల, నల్ల మెట్లు పెట్టాడు. క్రిస్టఫర్ షోల్స్ బృందం 1868లో పేటెంటు తీసుకున్న టైపు మిషన్‌కూ పియానో మెట్లే. తర్వాత అవి పోయి గుండ్రటి బొత్తాలు వచ్చాయి, 1874 నాటికి రెమింగ్టన్ మిషన్ బజారుకెక్కింది. పియానో మెట్లు పూర్తిగా మాయం కాలేదు. ఇటలీ సెనేట్‌లో ప్రసంగాలు రాసుకోవడానికి 1880 నుంచి వాడుతున్న మికేలా లఘులిపి యంత్రానికి ఇప్పటికీ 20 పియానో మెట్లు.

2014లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో అన్నా ఫైట్, ఆంట్టి ఔలాస్‌విర్తా ఈ ఆలోచనను బాగా ముందుకు తీసుకెళ్లారు. పియానో సంగీతంలో తరచుగా వచ్చే వేళ్ల కదలికలేవో లెక్కగట్టారు. ఇంగ్లీషులో తరచుగా పక్కపక్కన వచ్చే అక్షరాలేవో లెక్కగట్టారు. ఒకదాన్ని రెండోదాని మీదికి అతికించారు. ఒక్కో అక్షరానికి పియానో మీద అనేక చోట్లిచ్చారు, దాంతో చెయ్యి ఎక్కడున్నా అక్షరం దగ్గర్లోనే దొరుకుతుంది. తరచూ కలిసివచ్చే అక్షరాలు ఒకే కార్డుగా పలుకుతాయి. ఈ అమరికలో ముందు సాధన లేని పియానో నిపుణుడు కూడా నిమిషానికి 80 పదాలకు పైగా వేగం అందుకున్నాడు. హయ్యర్ పరీక్ష వేగానికి ఇది దాదాపు రెట్టింపు.

ఈ ఫలితంలో మన మొదటి ప్రశ్నకు జవాబుంది. పియానో విద్య వేళ్లలో ఉండి ఉంటే మామూలు కీబోర్డు మీద కూడా ఆ వేగం కనబడాలి. అది వరసల్లో ఉంది. అక్షరాలను ఆ వరసల దగ్గరికి తీసుకొస్తేనే బయటపడింది. వాద్యకారుణ్ణి అక్షరాల దగ్గరికి పంపితే మాత్రం ఓనమాలే.

మన అక్షరాలు, మన ఊళ్లు

ఇంగ్లీషు కీబోర్డును పియానో కోసం మార్చరు. తెలుగు కీబోర్డులో మాత్రం, ఎవరూ అనుకోకుండానే, వాద్యకారుడికి కలిసొచ్చే ఒక గుణం ఉంది. కేంద్ర ప్రభుత్వం 1980ల్లో భారతీయ భాషలకు తయారు చేయించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో గుణింతం గుర్తులూ పొల్లూ ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడిచేతి వైపు ఉంటాయి. తెలుగులో హల్లు తర్వాత అచ్చు గుర్తు రావడం మామూలు కాబట్టి చేతులు వంతులేసుకుంటాయి.

గిద్దలూరు టైపు చేద్దాం. గ కుడి, గుడి ఎడమ, ద కుడి, పొల్లు ఎడమ, ద కుడి, ల కుడి, ఊకారం ఎడమ, ర కుడి, ఉకారం ఎడమ. తొమ్మిది నొక్కుల్లో ఒక్కచోట తప్ప చెయ్యి మారుతూనే ఉంది. ఒక చెయ్యి నొక్కుతుండగా రెండోది తన చోటికి చేరుకోవచ్చు, వేగం అక్కడే పుడుతుంది. మార్కాపురంలో మొదటి తడబాటు ఉంది. మ ఎడమచేతి మధ్యవేలిదే, దీర్ఘమూ అదే వేలిది, కాబట్టి ఒకే వేలు అడుగు వరస నుంచి పై వరసకు గెంతాలి. అది దాటాక ర, పొల్లు, క, దీర్ఘం, ప, ఉకారం, ర, సున్న అన్నీ చక్కగా వంతుల మీద నడుస్తాయి. కంభం కూడా అంతే, క కుడి, సున్న ఎడమ, ‘భ’కు షిఫ్ట్ నొక్కి కుడి, సున్న ఎడమ.

అన్ని మాటలూ ఇలా కుదరవు. మ, న, వ ఎడమవైపు అడుగు వరసలో ఉన్నాయి. అందుకే ‘నవమి’ మొత్తం ఎడమచేతిదే. ‘పలక’ మొత్తం కుడిచేతిదే. తిత్తి ఊదే భజన హార్మనీ కళాకారుడికి పలక సులువు, నవమి గండం. రెండు చేతుల వాద్యకారుడికి గిద్దలూరు దాదాపు ఒక తాళంలా పడుతుంది.

ఇబ్బంది ఏమిటంటే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకునేవాళ్లు తక్కువ. డీటీపీ షాపుల్లో అలవాటైన అమరికలు వేరు. ఇక మిగతా లోకం ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకుంటోంది, అదీ రెండు బొటనవేళ్లతో. 2019లో 37,000 మందిని పరీక్షించిన ఒక అధ్యయనంలో రెండు బొటనవేళ్లతో కొట్టేవాళ్ల సగటు వేగం నిమిషానికి 38 పదాలు, అంటే లోయర్ దాటి హయ్యర్ దారిలో ఉన్నట్టే. పియానోలో బొటనవేలు తక్కిన వేళ్ల కిందుగా దూరి చేతిని పక్కకు జరపడం నేర్చుకుంటుంది. కంప్యూటర్ టైపులో ఖాళీ కొట్టడం ఒక్కటే దాని పని. ఫోను మీద రెండు బొటనవేళ్లే మొత్తం కచేరీ చెయ్యాలి. ఆ కచేరీకి హార్మనీ మెట్ల మీద చేసిన సాధన ఏ మాత్రం అక్కరకు రాదు. అక్కడ హార్మనిస్టూ, హార్మనీ ముట్టనివాడూ ఒకే బెంచీ మీద కూర్చోవాలి.